తలుపు తట్టని మెహమాన్

ఆ రోజు అమ్మీకి ఫజర్ ఖజా అయింది.

కాకినాడలో మేముండే సందులోకి మసీదు సెంటర్ అజాన్ వినపడదు. అందుకే రెండేళ్ళ క్రితం నేనే అమ్మీ ఫోనులో ఒక అజాన్ యాప్ వేసిపెట్టాను. అది రోజూ మోగేది, ఆవిడ లేచి వుజూ చేసుకుని ముసల్లా పరుచుకునేది. ఆ రోజు మోగలేదు. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఏదో పగలగొట్టిన చిన్నపిల్లలా నావంక చూసింది.

"నేనేం నొక్కలేదు బేటా, అల్లా కసమ్. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంది."

నిజంగానే ఆవిడేం నొక్కలేదు. ఛార్జింగుకి పెట్టిన ఫోను రాత్రికి రాత్రే అప్‌డేట్ అయిపోయింది. దాంతోపాటు యాప్‌లు కూడా కొత్తవయ్యాయి. అజాన్ యాప్ తెరిస్తే ఇంగ్లీషులో ఓ పేజీ. మా షరతులు మారాయి, ఒప్పుకోండి అని దాని సారాంశం. ఒప్పుకునేదాకా అజాన్ మోగదట. ఇక ఫోను లాక్ తెర మీద ఎవరో హీరోయిన్ ఫోటో, దాని కింద చీరల డిస్కౌంటు. "దర్సుకి ఈ ఫోనెలా పట్టుకెళ్ళేదిరా?" అని అమ్మీ తల పట్టుకుంది.

ఆ ఫోను కంపెనీ పేరూ, ఆ యాప్ పేరూ ఇక్కడ రాయను. ఒక్క కంపెనీతో తేలే లెక్క కాదిది. మీ ఇంట్లోనూ ఇలాంటి తెల్లవారుఝాము ఒకటి గడిచే ఉంటుంది.

గుస్సాలో నేను చేసిన పని చెప్తాను. ఆ ఆదివారం కూర్చుని మా ఖాందాన్‌లో ఉన్న ఏడు ఫోన్లలోనూ ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను. అమ్మీది, ఆపాది, భాభీది, పిల్లలవి, అన్నీ. ఇక మా ఇంటి దర్వాజా మా చేతిలో ఉందని మీసం మెలేసుకున్నాను కూడా. ఆ పని సగం తప్పని తర్వాత తెలిసింది. మిగతా సగం ఎందుకు రైటో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఎవరింటికైనా వెళ్ళే అదబ్ సంగతి చూద్దాం. చిన్నప్పుడు మదర్సాలో మనందరికీ నేర్పిందే. ఇతరుల ఇంటికి వెళితే బయటే నిలబడి సలాం చెప్పాలి, లోపలికి రావచ్చా అని ఇజాజత్ అడగాలి. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే మనసులో ఏమీ పెట్టుకోకుండా వెనక్కి వెళ్ళిపోవాలి. సూరె నూర్‌లో దీని హుకుం ఉంది. ఇప్పుడు మీ ఫోను అప్‌డేట్ ఎలా అడుగుతుందో గుర్తు చేసుకోండి. "ఇప్పుడే", "తర్వాత" అని రెండే బటన్లు. "వద్దు" అనే బటన్ మీకెప్పుడైనా కనబడిందా? ముప్పైసార్లు తర్వాత అన్నా ముప్పై ఒకటోసారి మళ్ళీ వస్తుంది. ఆఖరికి మీరు నిద్రపోయాక అడక్కుండానే లోపలికొచ్చేస్తుంది.

వచ్చినవాడు గొళ్ళెం బాగుచేసి వెళ్ళిపోతే ఎవరికీ షికాయత్ ఉండదు. కానీ ఆ సంచీలో గొళ్ళెంతో పాటు ఇంకేం తెస్తున్నాడో మనకు తెలియదు.

ఒక పాత కిస్సా చెప్తాను. గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా కోనసీమ నుంచి, గల్ఫ్‌లో మనవాళ్ళు లేని ఊరు లేదు కాబట్టి ఇది మనకంత దూరపు కథేం కాదు. 2009 జులైలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఎతిసలాత్ అనే టెలిఫోన్ సంస్థ తన బ్లాక్‌బెర్రీ కస్టమర్లకు ఒక అప్‌డేట్ పంపింది. నెట్‌వర్క్ బాగా పనిచేయడానికి అని చెప్పింది. దాదాపు 1,45,000 మంది కస్టమర్లు. వేసుకున్నవాళ్ళ బ్యాటరీలు ఒక పూటకే ఖాళీ అవడం మొదలైంది. ఏమిటా అని నిపుణులు విప్పి చూస్తే లోపలున్నది జాసూసీ సరుకు. హుకుం అందగానే ఆ ఫోనులోని మెయిళ్ళ నకళ్ళు వేరే చోటికి పంపగల ప్రోగ్రాం. అన్ని ఫోన్లూ ఒకేసారి తమ యజమాని సర్వరుకు హాజరు చెప్పుకోబోయి, అది జవాబివ్వలేక, ఇవి అడగడం మానక బ్యాటరీలు చచ్చాయి. బ్లాక్‌బెర్రీ తయారుచేసిన రిసెర్చ్ ఇన్ మోషన్ సంస్థ ఇది తాము ఇచ్చిన అప్‌డేట్ కాదని, నిఘా ప్రోగ్రామని బహిరంగంగా చెప్పి, తీసేసే సాధనం కూడా ఇచ్చింది. త్రీజీ సిగ్నల్ మారేటప్పుడు ఇబ్బంది లేకుండా చేసిన మార్పేనని ఎతిసలాత్ అంది.

ఆ సర్వరు కాస్త గట్టిదయి ఉంటే? బ్యాటరీలు మామూలుగానే ఉండేవి. ఎవరికీ షక్ వచ్చేది కాదు. మనం చాలాసార్లు బచాయించేది మన హుషారువల్ల కాదు, వాళ్ళ పని పాడవడంవల్ల.

ఇక మన ఇళ్ళకు ఇంకా దగ్గరి మాట. 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే అమెరికా పత్రిక ఒక ఖబర్ బయటపెట్టింది. మామూలు యాప్‌ల నుంచి మనుషుల జాడలు, అంటే ఏ వేళ ఎక్కడున్నారన్న వివరాలు, ఎక్స్‌మోడ్ అనే దలాలీ కంపెనీకి చేరుతున్నాయి. అక్కడి నుంచి కాంట్రాక్టర్ల ద్వారా అమెరికా సైన్యానికి చేరుతున్నాయి. ఆ యాప్‌లలో ఒకటి ముస్లిం ప్రో. నమాజ్ వేళలు, ఖిబ్లా దిక్కు చెప్పే యాప్. ప్రపంచమంతా కలిపి 9.8 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు. తాము అమెరికా సైన్యానికి నేరుగా ఏమీ అమ్మలేదని, ఎక్స్‌మోడ్‌తో సంబంధం తెంచుకున్నామని ఆ సంస్థ చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే సలాత్ ఫస్ట్ అనే ఇంకో నమాజ్ యాప్ మీద కూడా అలాంటి ఖబరే వచ్చింది. ఆ జాడలు ప్రెడిసియో అనే ఫ్రెంచి కంపెనీకి వెళ్ళాయని. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్‌మోడ్‌నూ దాని వారసు కంపెనీనీ ఇలాంటి నాజూకైన జాడలు అమ్మకుండా కట్టడి చేసింది. ఇబాదత్ గాహులకూ ఆసుపత్రులకూ ఎవరు వెళ్తున్నారో వీటివల్ల తెలిసిపోతుందని ఆ కమిషనే చెప్పింది.

దీనికీ అప్‌డేట్లకూ ఏమిటి సంబంధం అంటారా? అక్కడే ఉంది అసలు మర్మం. ఇలాంటి దలాలీ కంపెనీలు యాప్ చేసేవాళ్ళకు ఒక చిన్న కోడు ముక్క ఇచ్చి, నెలకింత అని ముట్టజెప్తాయి. యాప్ చేసేవాడు దాన్ని తర్వాతి అప్‌డేట్‌లో కలిపేస్తే చాలు. మన ఫోను ఆ వేళ మనల్ని కొత్తగా ఏమీ అడగదు. ఎందుకంటే జాడ చూసుకోమని రెండేళ్ళ క్రితమే ఇజాజత్ ఇచ్చేశాం, ఖిబ్లా కోసం. ఇచ్చిన పని ఒకటి, ఇప్పుడు జరిగేది ఇంకొకటి. ఇజాజత్ మాత్రం పాతదే. పాలవాడికని ఇచ్చిన తాళంచెవితో ఎవరెవరో వచ్చిపోతున్నట్టు.

మన మాటల్లో దీనికి ఖియానత్ అని పేరు. అమానత్‌గా ఇచ్చినదాన్ని, ఇచ్చిన నియ్యత్‌కి వేరుగా వాడుకోవడం. దొంగతనం కంటే ఇది చెడ్డది. దొంగకు మనం భరోసా ఇవ్వలేదు కదా.

ఇంకో మాట. కాకినాడ కదలదు, కాబా కదలదు. మన ఊరి నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఎప్పటికీ అక్కడే ఉంటుంది. యాప్‌లో ఒకసారి ఊరి పేరు రాస్తే నమాజ్ వేళలన్నీ లెక్కకట్టుకోవచ్చు. మరి దానికి పొద్దస్తమానం మా అమ్మీ జాడ ఎందుకు? ఆరోజు సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే లొకేషన్ ఇజాజత్ "ఎల్లవేళలా" అని ఉంది. ఆవిడ కూరల బజారుకి వెళ్ళినా, ఆసుపత్రిలో బీపీ చూపించుకోడానికి వెళ్ళినా, దర్సుకి వెళ్ళినా.

"మనకేం, మనమేం తప్పు చేస్తున్నాం?" అంటాడు మా పెద్ద భాయ్. చాలామంది అనే మాటే. కిటికీకి పరదా వేసుకున్నవాళ్ళంతా లోపల తప్పు చేస్తున్నారా? 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బహిరంగంగా పడి ఉన్నాయని శ్రీనివాస్ కొడాలి అనే హైదరాబాద్ పరిశోధకుడు చూపించాడు. ఆ జాబితాను మజహబ్ వారీగా, కులం వారీగా వెతుక్కునే వీలు కూడా ఉంది. అందులో ఉన్నవాళ్ళు చేసిన తప్పల్లా ఇల్లు కావాలని అర్జీ పెట్టుకోవడమే. వివరాలు ఒకసారి పోగుపడితే రేపు వాటిని ఎవరు, ఏ నియ్యత్‌తో వెతుకుతారో ఇచ్చినవాడి చేతిలో ఉండదు.

ఇప్పుడు నా సగం తప్పు.

అప్‌డేట్లు ఆపిన ఆరేడు నెలలకు మా ఆపా కూతురు వచ్చింది. ఇంజనీరింగులో కంప్యూటర్స్ చదువుతోంది. నానీ ఫోను చేతికి తీసుకుని ఏదో చూసి, నా మీద విరుచుకుపడింది. "మామూ, దీనికి సెక్యూరిటీ ప్యాచ్ వచ్చి ఎన్నాళ్ళయిందో చూశారా? నానీ పెన్షను మెసేజీలు, బ్యాంకు ఓటీపీలు అన్నీ ఇందులోనే. మీరు తలుపు మూశాననుకుంటున్నారు. గొళ్ళెం విరిగిన తలుపు దగ్గరికి మేస్త్రీని రానివ్వకుండా చేశారంతే."

తర్వాత ఆ పిల్లే గుర్తుచేసింది 2017 సంగతి. ఆ ఏడు మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక పెద్ద కన్నం పూడ్చే అప్‌డేట్ విడుదల చేసింది. రెండు నెలల తర్వాత మే 12న వానాక్రై దాడి వచ్చింది. కంప్యూటర్‌లోని ఫైళ్ళన్నీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో ఇస్తేనే తీస్తాననే బందిపోటు ప్రోగ్రాం. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు పడిపోయాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన రాష్ట్రంలో? చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. దొంగల్ని పట్టే ఠాణా తాళమే దొంగ వేసుకుపోయాడు. మందు మార్చిలోనే బజారులో ఉంది. సకాలంలో వేసుకున్న మెషీన్లకు ఆ కన్నం గుండా ఏమీ రాలేదు.

కాబట్టి అప్‌డేట్లన్నీ ఆపేయండి అని నేను చెప్పడం లేదు. చెప్తే గునాహ్ అవుతుంది. ఆ సాయంత్రమే ఏడు ఫోన్లలోనూ సెక్యూరిటీ అప్‌డేట్లు మళ్ళీ తెరిచాను.

కానీ నా గుస్సా అక్కడితో తీరలేదు, ఇంకా పెరిగింది. మేస్త్రీ రావాలి, నిజమే. రాకపోతే దొంగ వస్తాడు, అదీ నిజమే. ఆ భయాన్ని అడ్డం పెట్టుకునే కదా మేస్త్రీ సంచీలో చీరల డిస్కౌంట్లు, కొత్త షరతులు, దలాలీ కోడు ముక్కలు పెట్టి పంపుతున్నారు! మందు కావాలంటే దాంతోపాటు మా సరుకు కూడా మింగు అంటున్నారు. వద్దంటే మందూ లేదు. ఇది సౌదా కాదు, జబర్దస్తీ.

మరమ్మతు వేరు, షరతు వేరు. మరమ్మతు నేను డబ్బిచ్చి కొన్న వస్తువుకి నా హక్కు. అది నిద్రలో వచ్చినా నాకు అభ్యంతరం లేదు. షరతు మారాలంటే, ఫోను మొహం మారాలంటే, నా వివరాలు కొత్త చేతికి వెళ్ళాలంటే నేను మేలుకుని ఉండాలి, నాకు అర్థం కావాలి, నేను ఒప్పుకోవాలి. రెండూ ఒకే మూటలో రాకూడదు.

ఇది కుదరని మాటని కంపెనీలవాళ్ళు అంటారు. రెండు వేరువేరుగా పంపడం ఖర్చని, గందరగోళమని. కానీ యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన సైబర్ రెజిలియన్స్ చట్టంలో సరిగ్గా ఇదే ఉంది. సాంకేతికంగా వీలైన ప్రతిచోటా భద్రత అప్‌డేట్లను కొత్త సదుపాయాల అప్‌డేట్ల నుంచి విడిగా ఇవ్వాలి. దాని ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి అమలవుతాయి. అక్కడ అమ్మే ఫోనుకి విడదీయగలిగితే కాకినాడ మెయిన్ రోడ్డు మీద అమ్మే ఫోనుకి ఎందుకు విడదీయలేరు?

హుకూమత్ కూడా ఈ దారి రుచి చూసింది. 2025 నవంబరు 28న కేంద్ర టెలికం శాఖ ఫోన్ల కంపెనీలకు ఒక తాకీదు ఇచ్చింది. సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో ముందే వేసి అమ్మాలి, దాని పనులు ఆపేసే వీలుండకూడదు. అప్పటికే తయారై దుకాణాల దారిలో ఉన్న ఫోన్లలోకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా తోయాలి. గడువు 90 రోజులు. ఆ యాప్ చెడ్డదని నేననను. పోయిన ఫోను ఆచూకీకి, దొంగ సిమ్ముల షికాయత్‌కి మంచి సాధనమే. కావలసినవాళ్ళు ఖుషీగా వేసుకుంటారు. కానీ అడగకుండా అప్‌డేట్‌లో తోసే దారి ఒకసారి రాచబాట అయితే రేపు దాని మీద ఎవరు నడుస్తారు? దేశమంతా గగ్గోలు లేచింది. కావాలంటే తీసేసుకోవచ్చని మంత్రి చెప్పారు. డిసెంబరు 3న తప్పనిసరి అన్న మాటనే వెనక్కి తీసుకున్నారు. అల్‌హందులిల్లా. జనం నోరు విప్పితే తాకీదులు కూడా రద్దవుతాయని ఆ అయిదారు రోజులు చూపించాయి.

ఇక మన చట్టం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అందులో అసలైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. హుకూమత్ తన శాఖలకు తానే మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా అందులోనే ఉంది, అది నాకు నచ్చని సంగతి. కానీ పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఒకటి, ఇచ్చిన ఇజాజత్‌ను ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. రెండోది, ఇజాజత్ అడిగే కాగితం ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. అందులో తెలుగుంది, ఉర్దూ కూడా ఉంది.

ఈ రెండో మాట చిన్నదనుకోకండి. హక్కు, షరతు, మంజూరు, రద్దు, రాజీ, దస్తావేజు... ఇవన్నీ కచేరీల నుంచి తెలుగులోకి నడిచొచ్చి ఇక్కడే స్థిరపడిన మాటలు. అక్షరం రాని రైతుకి కూడా షరతు అంటే ఏమిటో తెలుసు, వేలిముద్ర వేసేముందు చదివి వినిపించమని అడుగుతాడు. మా అమ్మీ కూడా అలాంటిదే. పొలం అమ్మకం కాగితం మూడుసార్లు చదివించుకున్న మనిషి ఆవిడ. అదే మనిషి ఫోనులో వచ్చిన ఇంగ్లీషు పేజీకి మాత్రం కళ్ళు మూసుకుని ఒప్పుకోవాలి, లేకపోతే అజాన్ మోగదు. దీన్ని రజామందీ అంటారా?

అంతదాకా మనం చేసుకోదగ్గవి కొన్నున్నాయి. ఫోను కంపెనీ ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపకండి. అప్‌డేట్లు రావడం మానేసిన ముసలి ఫోనుతో బ్యాంకు పనులు చేయకండి. యాప్‌లకు లొకేషన్ ఇజాజత్ "వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి, నమాజ్ యాప్‌కి ఊరి పేరు రాసిస్తే చాలు. వాడని యాప్ తీసేయండి. నెలకోసారి, ఒక జుమా తర్వాత పది నిమిషాలు, ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు తీసి ఏ యాప్‌కి ఏ ఇజాజత్ ఉందో చూడండి. అది కూడా వాళ్ళని అడిగి, పక్కన కూర్చోబెట్టుకుని. నేను ఆ ఆదివారం ఏడు ఫోన్లనూ ఎవర్నీ అడక్కుండానే మార్చాను. అంటే నేనూ ఆ కంపెనీలు చేసిన పనే చేశాను.

ఆ సంగతి అమ్మీతో ఒప్పుకుని, ఈసారి ఆవిడ ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఏది గొళ్ళెం బాగుచేసే అప్‌డేటో, ఏది షరతులు మార్చేదో. కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా వింది. చివర్లో ఒక్కటే అడిగింది.

"వచ్చినవాడు సలాం చెప్పి, అమ్మా లోపలికి రావచ్చా అంటే నేనెప్పుడైనా కాదన్నానా? అడగడానికి వాళ్ళకేం కష్టంరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ యాప్ తీసేశాం. మంచం పక్కన అబ్బా నాటి కీ ఇచ్చే అలారం గడియారం పెట్టింది. ఫజర్‌కి అదే మోగుతోంది. ఫోను మాత్రం రాత్రిళ్ళు హాలులో ఛార్జింగుకి పెడుతోంది, తలుపు దగ్గరగా వేసి.